ఇసుకలోంచి ప్లాస్టిక్‌ను తేల్చే పనితనం

పోటు తగ్గి సముద్రం వెనక్కి జరిగాక ఇసుక మీద ఒక చెత్త గీత మిగులుతుంది. నాచు పోగులు, ఎండుపుల్లలు, గవ్వ చెక్కలు, సరుగుడు ఆకులు, తెగిన వలదారాలు, థర్మోకోల్ పూసలు, ఇలా నీటిలో తేలగలిగినవన్నీ ఆ గీత దగ్గరే ఆగుతాయి. సీసాలూ సంచులూ అయితే వంగి ఏరేయొచ్చు. ఎండకు పెళుసెక్కి, అలల రాపిడికి చిట్లి, ఇసుక రేణువంత అయిపోయిన ప్లాస్టిక్‌ను ఏరడానికి మాత్రం చేయీ కన్నూ చాలవు. దానికొక విద్య కావాలి. గత ఇరవై ఏళ్లలో అనేక దేశాల ప్రయోగశాలలు ఒకరి లోపం ఒకరు సరిదిద్దుకుంటూ ఆ విద్యను తీర్చిదిద్దాయి. 'కిలో ఇసుకలో ఇన్ని మైక్రోప్లాస్టిక్ ముక్కలు' అనే ఒక్క వాక్యంగా అది పత్రికల్లో మనకు చేరుతుంది. ఆ ఒక్క అంకె వెనుక ఎంత చేతిపని, ఎంత జాగ్రత్త ఉందో దగ్గరగా చూస్తే తప్ప తెలియదు.

ముందు చిక్కేమిటో చూద్దాం. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. 2008లో అమెరికాలోని టకోమా నగరంలో శాస్త్రవేత్తలు సమావేశమైనప్పటి నుంచి ఈ కొలత స్థిరపడింది. తీరపు ఇసుక రేణువు కూడా ఇంచుమించు ఈ కొలతల్లోనే ఉంటుంది. 63 మైక్రాన్ల నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఉన్నదాన్ని ఇసుక అంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రెండూ ఒకే సైజులో ఉన్నప్పుడు జల్లెడ వాటిని విడదీయలేదు. పావు మిల్లీమీటరు ఇసుకైతే కిలోకు నాలుగు కోట్ల పైచిలుకు రేణువులుంటాయి. అన్ని రేణువుల్లోంచి పదులో వందలో ఉండే ప్లాస్టిక్ ముక్కలను పట్టుకోవాలి. రంగును నమ్ముకునే వీలూ లేదు. పలచని పాలిథిన్ తునక పలుగురాయి రేణువులా మెరుస్తుంది. వెలిసిపోయిన తెల్ల ముక్క గవ్వ చెక్కలా కనిపిస్తుంది. నల్ల పోగు నాచుదో, చొక్కాదో, వలదో చూపుతో చెప్పలేం.

అయినా మూడు విషయాల్లో ప్లాస్టిక్ తన చుట్టూ ఉన్నవాటికి భిన్నమైనది. ఇసుక కంటే తేలిక. నాచునూ పుల్లనూ కరిగించే రసాయనానికి ఇది తేలిగ్గా లొంగదు. తన మీద పడిన వెలుగుకు తనదైన జవాబు ఇస్తుంది. ఈ విద్య అంతా ఆ మూడు తేడాలను వరసగా వాడుకోవడమే.

పని తీరంలోనే మొదలవుతుంది. ఇసుకను ఎక్కడ తీశామన్నదాన్ని బట్టి అంకె తారుమారవుతుంది. చెత్త గీత మీద తీస్తే ఒక లెక్క, నీటి అంచున తీస్తే ఒక లెక్క, పైన ఇసుక దిబ్బల దగ్గర తీస్తే మరో లెక్క. అందుకని 2013లో ఐరోపా దేశాలు ఒక పద్ధతి రాసుకున్నాయి. పోటు గీత దగ్గర, పై 5 సెంటీమీటర్ల ఇసుక మాత్రమే, కనీసం ఐదు చోట్ల, చోటుకూ చోటుకూ మధ్య కనీసం 5 మీటర్ల ఎడంతో తీయాలి. కొలిచిన చదరపు చట్రాన్ని ఇసుక మీద ఆనించి, దాని లోపలిది మాత్రమే తీస్తారు. గరిటె ఉక్కుది. జాడీ గాజుది. మూతకూ జాడీకీ మధ్య అల్యూమినియం రేకు పెడతారు. ప్లాస్టిక్‌ను వెతికేవాడు ప్లాస్టిక్ వస్తువును ఇసుక దరిదాపులకు రానివ్వడు. తన బట్టల పోగులు చట్రంలోకి ఎగిరిపడకుండా, గాలి తన మీదుగా కాక చట్రం మీదుగా తనవైపు వచ్చేలా నిలబడతాడు. కొందరు కావాలనే ముదురు రంగు నూలు బట్టలు వేసుకుంటారు. రేపు సూక్ష్మదర్శిని కింద ఆ రంగు పోగు కనిపిస్తే అది తమదేనని గుర్తుపట్టి పక్కన పెట్టొచ్చు.

ప్రయోగశాలకు చేరిన ఇసుకను తక్కువ వేడి మీద ఆరబెడతారు. తడి ఇసుక బరువు నీటిని బట్టి మారుతుంది కాబట్టి లెక్క ఎప్పుడూ పొడి ఇసుకకే. వేడి ఎక్కువైతే మెత్తటి ప్లాస్టిక్ ముడుచుకుంటుంది, అందుకే తొందరపడరు. నదీముఖాల దగ్గరి ఇసుకలో బంకమన్ను ఉండలు కడుతుంది. ఆ ఉండల్లో ప్లాస్టిక్ ఇరుక్కుంటే తేలదు. పొటాషియం మెటాఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెట్టి కలిపితే ఉండలు విడిపోతాయి. ఆ తర్వాత 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి పెద్ద ముక్కలను వేరు చేస్తారు. ఇంతవరకూ తయారీ. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

వరి విత్తనాలు మడిలో చల్లే ముందు మన రైతులు ఉప్పునీళ్లలో పోసి చూస్తారు. కోడిగుడ్డు తేలేంత చిక్కగా ఉప్పు కలిపి, అందులో విత్తనం పోస్తే గట్టి గింజ మునుగుతుంది, తాలు తేలుతుంది. తీరపు ఇసుకలో ప్లాస్టిక్‌ను వెతికేవారు చేసేదీ ఇదే. ఒక్క తేడా, రైతు మునిగినదాన్ని ఉంచుకుంటాడు, వీళ్లు తేలినదాన్ని ఉంచుకుంటారు.

ఇందులో లెక్క సాంద్రతది. మంచినీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము. సముద్రపు నీటిది 1.025 దగ్గర. ఇసుకలో ఎక్కువగా ఉండే పలుగురాయిది 2.65. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, 0.90 నుంచి 0.97 మధ్య. ఈ రెండూ మామూలు నీళ్లలోనే తేలతాయి. పాలీస్టైరీన్ 1.05 దగ్గర, వలలకు వాడే నైలాన్ 1.14 దగ్గర. వీటికి ఉప్పు కావాలి. వంటింటి ఉప్పును ఇక కరగనంత వరకూ, అంటే లీటరు నీటికి సుమారు 360 గ్రాములు కలిపితే ద్రావణం 1.2కు చేరుతుంది. అందులో నైలాన్ కూడా పైకి వస్తుంది. నీళ్ల సీసాలకూ పాలియెస్టర్ బట్టలకూ వాడే పెట్ ప్లాస్టిక్ 1.38 దగ్గర ఉంటుంది. పీవీసీలో గట్టి రకాలు అంతకంటే బరువు. ఈ రెండూ ఉప్పునీటి అడుగున ఇసుకతోపాటే ఉండిపోతాయి.

ఉప్పునీటి పద్ధతిని లోకానికి పరిచయం చేసింది ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం. 2004లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వారి చిన్న వ్యాసంతోనే మైక్రోప్లాస్టిక్ అన్న మాట అందరి నోటా పడింది. ప్లిమత్ చుట్టుపక్కల తీరాల్లోని ఇసుకనూ బురదనూ చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, తేలినదాన్ని వడకట్టి, మామూలు రేణువులా లేని ప్రతి ముక్కనూ పరారుణ కాంతితో పరీక్షించారు. అనుమానించిన ముక్కల్లో దాదాపు మూడో వంతే ప్లాస్టిక్ అని తేలింది. ఈ నిష్పత్తి చాలా ముఖ్యం. కంటికి ప్లాస్టిక్‌లా కనిపించిన ప్రతిదాన్నీ వాళ్లు లెక్కలో వేసుకుని ఉంటే ఆ అంకె మూడింతలయ్యేది. లెక్కలో వేసుకున్నదానికంటే వదిలేసినది ఎక్కువగా ఉండడమే ఆ వ్యాసానికి బలమిచ్చిందని నా అభిప్రాయం.

ఉప్పు చవక, ప్రమాదం లేనిది. కానీ పెట్‌నూ పీవీసీనీ వదిలేస్తుంది. అవి కూడా కావాలంటే ద్రావణం ఇంకా బరువెక్కాలి. సోడియం అయొడైడ్ 1.6 దాటుతుంది, ఖరీదెక్కువ. పైగా కాగితపు వడపోతలను నల్లగా మారుస్తుంది. లిథియం మెటాటంగ్‌స్టేట్ మంచిది, అది మరీ ఖరీదు. జింక్ క్లోరైడ్ 1.5 నుంచి 1.7 దాకా వస్తుంది, ధర అందుబాటులో ఉంటుంది. అయితే చర్మాన్ని కాలుస్తుంది, నీటి జీవులకు హాని. దాన్ని వాడేవారు ప్రతిసారీ వడకట్టి మళ్లీ వాడుకోవాలి, బొట్టు కూడా కాలువలోకి పోనివ్వకూడదు. సముద్రాన్ని కాపాడే పని ఇంకో విషంతో సాగకూడదన్న పట్టుదల ఈ రంగంలో పనిచేసేవారిలో బాగా కనిపిస్తుంది.

విశాఖపట్నం వారికి ఈ తేల్చే విద్య కొత్త కాదు. భీమునిపట్నం వైపు తీరంలో అలలు వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. అవి ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలు. భూగర్భశాస్త్ర విద్యార్థులు ఆ ఇసుకను బ్రోమోఫాం అనే ద్రవంలో పోస్తారు. దాని సాంద్రత 2.89. పలుగురాయి తేలుతుంది, ఖనిజం మునుగుతుంది. మునిగినదాన్ని గరాటు కింది నుంచి తీసుకుని, తేలినదాన్ని పారేస్తారు. ఒకే గుప్పెడు ఇసుకను ముందు 1.5 ద్రవంలో, తర్వాత 2.89 ద్రవంలో వేస్తే పైన ప్లాస్టిక్, నడుమ పలుగురాయి, అడుగున ఖనిజం విడివిడిగా దొరుకుతాయి. ఆ తీరం మీద మనిషి చేసిన పనీ, కొండలు కోట్ల ఏళ్లుగా అరిగి పంపిన సరుకూ రెండు పాత్రల్లో తేటతెల్లమవుతాయి.

ద్రవాన్ని ఎంచుకున్నంత మాత్రాన పని పూర్తి కాదు. తేలినదాన్ని పైనుంచి తీయడమెలాగన్నది ఇంకా పెద్ద చిక్కు. బీకరును వంచి పై ద్రవాన్ని ఒంపితే అడుగున పేరుకున్న ఇసుక కదిలి మళ్లీ పైకి లేస్తుంది. కొన్ని ముక్కలు గాజు గోడకు అంటుకుని ఉండిపోతాయి. గరాటు వాడితే సన్నటి కాడలో ఇసుక బిగుసుకుని ద్రవం దిగదు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఇమ్‌హాఫ్ బృందం 2012లో దీనికోసం మనిషెత్తు ఉక్కు యంత్రాన్నే తయారుచేసింది. అది చాలా బాగా పనిచేస్తుంది కానీ దాన్ని పడవలోకి ఎక్కించలేం, చిన్న కళాశాలలో పెట్టుకోలేం.

2017లో ప్లిమత్ మెరైన్ లాబొరేటరీకి చెందిన రేచల్ కాపాక్ బృందం ఒక చిన్న పరికరం చేసింది. నాకు ఈ మొత్తం విద్యలో అన్నిటికంటే నచ్చిన వస్తువు అదే. మోకాలెత్తు కూడా ఉండదు. ప్లంబింగ్ దుకాణంలో దొరికే 63 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం, నడుమ ఒక బాల్ వాల్వ్, అడుగున పీవీసీ పలక. అంతే. పైన ఒక గొట్టం ముక్క, కింద ఒక గొట్టం ముక్క, వాటిని కలిపే వాల్వ్. గొట్టం లోపలి గోడలను సన్నటి గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశారు, ముక్కలు అంటుకోవడానికి గీత కూడా మిగలకుండా.

బాల్ వాల్వ్ ఎలా పనిచేస్తుందో గుర్తుచేసుకుంటే ఈ ఆలోచన తెలివి అర్థమవుతుంది. దాని లోపల ఒక గుండ్రటి బంతి ఉంటుంది. బంతి మధ్యగా ఈ వైపు నుంచి ఆ వైపుకు ఒక రంధ్రం. పిడి నిలువుగా ఉన్నప్పుడు ఆ రంధ్రం గొట్టంతో ఒకే వరసలోకి వచ్చి, పై భాగానికీ కింది భాగానికీ అడ్డే ఉండదు. పిడిని పావు వంతు తిప్పితే బంతి పక్కకు తిరిగి రంధ్రం గోడవైపు పోతుంది, దారి పూర్తిగా మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు బంతి తనున్న చోటనే తిరుగుతుంది, పైకీ కిందికీ కదలదు. అందుకే పైనున్న ద్రవం గానీ అడుగునున్న ఇసుక గానీ పెద్దగా చెదరదు. బీకరు ఒంపడంలో వచ్చిన కష్టాన్ని ఈ పావు తిప్పు తీర్చేసింది.

వాడే తీరు ఇలా ఉంటుంది. పరికరంలో అయస్కాంతపు పుల్ల వేసి, 30 నుంచి 50 గ్రాముల పొడి ఇసుక పోసి, 1.5 సాంద్రత గల జింక్ క్లోరైడ్ ద్రావణాన్ని వాల్వ్ మీది దాకా నింపుతారు. కిందనున్న యంత్రం ఆ పుల్లను గిరగిర తిప్పుతుంది. ఇసుక సుడి తిరిగి లేస్తుంది, రేణువుల మధ్య ఇరుక్కున్న ప్లాస్టిక్ విడిపోతుంది. తర్వాత ఆపి ఆగాలి. కొన్నిసార్లు గాలి బుడగ పట్టుకున్న ఇసుక రేణువు కూడా తేలుతూ ఉంటుంది. అందుకని ఆపాక మళ్లీ ఒకటి రెండు సార్లు క్షణంపాటు తిప్పి వదిలి, బుడగలను విడిపిస్తారు. ద్రవం తేటపడుతుంది. ఇసుక అడుగుకు చేరుతుంది. ప్లాస్టిక్ పై గొట్టంలోకి వచ్చి నిలుస్తుంది. అప్పుడు వాల్వ్ మూస్తారు. పైభాగంలోని ద్రవాన్ని ఒంపి, గోడలను శుభ్రమైన ద్రవంతో కడిగి ఆ కడుగునూ కలిపి వడకడతారు. కడిగిన నీళ్లు కూడా లెక్కలోకి రావడం గమనించండి. గోడకు అంటుకున్న ముక్క కూడా కిలో ఇసుకలో ఉన్న ముక్కే.

పరికరం ఎంత నమ్మదగినదో తెలుసుకోవడానికి వాళ్లు ముందుగా లెక్కపెట్టిన ప్లాస్టిక్ ముక్కలను శుభ్రమైన ఇసుకలో కలిపి, మళ్లీ తీసి చూశారు. సగటున 95.8 శాతం తిరిగి వచ్చాయి. పీవీసీ గొట్టంతోనే చేసిన పరికరంలో పీవీసీని వెతకడమేమిటన్న సందేహం మీకు వచ్చే ఉంటుంది. వాళ్లకూ అది తెలుసు. పరికరం నుంచి రాలే పీవీసీ ఏ రంగులో ఎలా ఉంటుందో ముందే తెలుసు కాబట్టి, అలాంటి ముక్క దొరికితే దాన్ని పోల్చి చూసుకుని పక్కన పెట్టొచ్చు.

వడపోత మీద ఇప్పుడు ప్లాస్టిక్ ఒక్కటే లేదు. నాచు, పుల్ల ముక్కలు, పురుగుల పెంకులు, ఎండిన ఆకు నారలు కూడా తేలి వచ్చాయి. వీటిని తొలగించడానికి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. దానికి కొంచెం ఇనుప లవణం కలిపితే ఫెంటన్ చర్య మొదలవుతుంది. హెన్రీ ఫెంటన్ అనే ఆంగ్లేయ రసాయన శాస్త్రజ్ఞుడు 1894లో వివరించిన చర్య ఇది. ఇనుము పెరాక్సైడ్‌ను చీల్చి అతి చురుకైన ఆక్సిజన్ అణుఖండాలను పుట్టిస్తుంది. అవి నాచునూ నారనూ తినేస్తాయి. పాత్ర నురగలు కక్కుతుంది, దానంతటదే వేడెక్కుతుంది. పక్కన మంచు గిన్నె పెట్టుకుని వేడిని అదుపులో ఉంచాలి. వేడి పెరిగితే కొన్ని ప్లాస్టిక్ రకాలు కూడా చెడిపోతాయి. గాఢ నత్రికామ్లం వాడితే పని త్వరగా అవుతుంది, కానీ అది నైలాన్‌ను కరిగించేస్తుంది. వల ముక్కల కోసం చేపల రేవు పక్కన ఇసుక తీసి నత్రికామ్లం పోసినవాడు వలను మాయం చేసి, ఇక్కడ వలలు లేవని రాస్తాడు. ఏ రసాయనం దేన్ని తినదో తెలిసి వాడడమే ఇక్కడి నేర్పు.

మిగిలినదాన్ని గాజు నార వడపోత కాగితం మీదికి లాగి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. వరసలు వరసలుగా, పొలం దున్నినట్టు కాగితం ఒక అంచు నుంచి మరో అంచుకు చూసుకుంటూ పోతారు. ఇక్కడ కొన్ని నియమాలున్నాయి. ప్లాస్టిక్‌లో జీవకణాల గళ్లు కనిపించకూడదు. పోగైతే మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం ఉండాలి, కొసలు సన్నబడకూడదు. రంగు అంతటా సమంగా ఉండాలి. శ్రావణంతో నొక్కితే పొడి కాకూడదు. ఇంకా అనుమానముంటే ఎర్రగా కాల్చిన సూది మొనను దగ్గరకు తెస్తారు. ప్లాస్టిక్ కరుగుతుంది లేదా ముడుచుకుంటుంది. నార మాడిపోతుంది. నైల్ రెడ్ అనే రంగును పూస్తే అది ప్లాస్టిక్‌కు అంటుకుని, నీలి వెలుగులో నారింజ అద్దం గుండా చూసినప్పుడు మెరుస్తుంది. కాకపోతే కొవ్వు మిగిలిన నాచు కూడా మెరుస్తుంది. అందుకే దీనికి ముందు పెరాక్సైడ్ పని సరిగ్గా పూర్తయి ఉండాలి. వెనకటి మెట్టులో చేసిన అశ్రద్ధ ముందరి మెట్టులో బయటపడడం ఈ పని అంతటా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఖాళీ పరీక్ష. ఇసుక లేకుండా, ద్రవం ఒక్కటే పోసి, మొదటి నుంచి చివరిదాకా ఒక్క మెట్టు కూడా వదలకుండా అదే పని చేస్తారు. అందులో ఎన్ని ముక్కలు దొరికితే అన్ని, గాలి నుంచీ బట్టల నుంచీ పాత్రల నుంచీ వచ్చినవే. ప్రయోగశాలలో పని జరిగినంతసేపూ బల్ల మీద తడి వడపోత కాగితం ఒకటి తెరిచి ఉంచుతారు, గాలిలో తేలే పోగులు దాని మీద వాలతాయి. సాయంత్రం దాన్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కిస్తారు. నూలు కోటు, వడకట్టిన నీళ్లు, ముందుగా వడకట్టిన ద్రావణం, వాడే ముందు ప్రతి గాజుపాత్రా మూడుసార్లు కడగడం, వాడనప్పుడు రేకు కప్పడం, ఇవన్నీ ఆ ఖాళీ పరీక్ష అంకెను తగ్గించడానికే. ఆ పరీక్షలో నాలుగు పోగులు దొరికి, ఇసుకలో ఐదు దొరికితే నిజాయితీగల పరిశోధకుడు అక్కడ పోగులున్నాయని రాయడు. దొరకకూడనిదాన్ని వెతకడానికి ఇంత శ్రమపడి, దాన్ని అచ్చులో వేసి చూపించే అలవాటు మన వృత్తులన్నిటిలోనూ ఉంటే ఎంత బాగుండును!

చివరి తీర్పు కాంతిది. పరారుణ కిరణాలను ముక్క గుండా పంపితే, దానిలోని అణుబంధాలు తమతమ పౌనఃపున్యాల దగ్గర ఆ కిరణాలను తాగేస్తాయి. తాగిన చోటల్లా యంత్రం గీసే గీతలో ఒక గుంట పడుతుంది. పాలిథిన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. ఆ బంధం సాగే చోట 2915, 2848 తరంగసంఖ్యల (సెంటీమీటరులో ఇమిడే తరంగాల లెక్క) దగ్గర రెండు గుంటలు, కత్తెరలా వంగే చోట 1470 దగ్గర ఒకటి, గొలుసు అటూ ఇటూ ఊగే చోట 720 దగ్గర ఒకటి. దాదాపు అంతే, చాలా పొదుపైన గీత. పాలీప్రొపిలీన్‌లో ప్రతి రెండో కార్బన్‌కు ఒక మిథైల్ కొమ్మ ఉంటుంది. ఆ కొమ్మ 1376 దగ్గర తన గుర్తు వేస్తుంది. నైలాన్ 3300 దగ్గర నత్రజని బంధాన్ని చూపుతుంది. పాలియెస్టర్ 1715 దగ్గర లోతైన గుంట పెడుతుంది. చూపుకు పాలియెస్టర్ పోగులానే ఉన్న నూలు పోగు ఇక్కడ దొరికిపోతుంది.

సముద్రం ఈ గీతను కూడా మారుస్తుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న పాలిథిన్ ఆక్సిజన్ పట్టుకుని, తనకు పుట్టుకతో లేని 1715 గుంటను తెచ్చుకుంటుంది. కొత్త ప్లాస్టిక్ గీతలతో మాత్రమే పోల్చే కంప్యూటర్ దీన్ని చూసి తికమకపడుతుంది. అందుకని ఎండా ఉప్పూ తిన్న ముక్కల గీతలను కూడా సేకరించి పోలిక పట్టికల్లో చేర్చారు. అదే గుంట లోతును కొలిచి, ముక్క ఎంత ముదిరిందో కూడా అంచనా వేస్తున్నారు.

పరారుణ పద్ధతి పది, ఇరవై మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. అంతకంటే చిన్నవాటికి లేజర్ వెలుగు విసిరి, చెదిరి వచ్చిన కాంతిలో రంగు ఎంత మారిందో చూస్తారు. ఒక మైక్రాన్ ముక్క దాకా ఇది చెప్పగలదు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో బయటపడిన రామన్ ఫలితమే ఇది. సి.వి. రామన్ తండ్రి విశాఖపట్నం ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకులు, రామన్ బాల్యం గడిచిందీ బడి చదువు సాగిందీ ఆ ఊళ్లోనే. ఆ తీరపు ఇసుకలోని రేణువును రామన్ పద్ధతితో పరీక్షించే విద్యార్థులకు ఇది తెలిసి ఉండాలి.

ఇన్ని మెట్లు దాటాక ఇసుక ఏం చెబుతుందో ఒక ఉదాహరణ చాలు. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో పాత ఓడలను ఇసుక మీదికి ఎక్కించి ముక్కలుగా కోస్తారు. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థకు చెందిన ఎం. శ్రీనివాసరెడ్డి, సహచరులు అక్కడి ఇసుకను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. కిలో ఇసుకకు సగటున 81 మిల్లీగ్రాముల చిన్న ముక్కలు దొరికాయి. పాలీయూరిథేన్, నైలాన్, పాలీస్టైరీన్, పాలియెస్టర్, వాటితోపాటు గాజు నార. ఆ జాబితాలో ఓడ గది గోడల మధ్య పెట్టే నురగ, తాళ్లు, వేడిని ఆపే గాజు నార కనిపిస్తున్నాయి. ఏ పరిశ్రమ నుంచి రాలిందో రేణువే చెప్పింది.

వారు ముక్కల సంఖ్య కాక బరువు చెప్పడం గమనించదగ్గది. ఒక ముక్క అలకు చిట్లి పదైతే సంఖ్య పదింతలవుతుంది, బరువు అంతే ఉంటుంది. సంఖ్య చెప్పేవారు జల్లెడ కంత ఎంతో కూడా చెప్పాలి. 300 మైక్రాన్ల జల్లెడ పట్టిన తీరాన్నీ 30 మైక్రాన్ల జల్లెడ పట్టిన తీరాన్నీ పక్కపక్కన పెట్టి ఇది మురికిది, అది శుభ్రమైనది అనడానికి వీల్లేదు. ఉప్పునీళ్లు వాడిన చోట పెట్ సీసా ముక్కలు తక్కువ దొరికితే అది తీరం గొప్ప కాదు, ద్రవం చేతకానితనం.

అందుచేత ఇకమీదట పత్రికలో కిలో ఇసుకలో ఇన్ని ముక్కలన్న వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ సాంద్రత గల ద్రవంలో తేల్చారు? ఎంత సన్నని జల్లెడ పట్టారు? ఖాళీ పరీక్షలో ఎన్ని దొరికాయి? ఈ మూడింటికీ జవాబు రాసిన పరిశోధనను నమ్మండి. రాయనిదాన్ని, అందులోని అంకె మనకు ఎంత అనుకూలంగా ఉన్నా, ఎంత భయపెట్టినా, పక్కన పెట్టండి.